పెళ్లికి ముందే వేరు కుంపటి మాటా?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ మాది. అత్తమ్మకు 84. ఆరేళ్లుగా హాల్లో దివాన్ మీదే పడుకుంటోంది. మావారు 61 నిండి మొన్ననే ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. మా అబ్బాయికి 29, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. పొద్దున్నే అత్తమ్మకు జావ, షుగరున్న ఆయనకు జొన్నరొట్టె, వాడికి మీటింగుల మధ్య ఇంకేదో. మాఘంలో వాడి పెళ్లి. అమ్మాయిదీ ఉద్యోగమే. పెళ్లయ్యాక వేరే ఇల్లు తీసుకుంటానంటున్నాడు. నలుగురూ ఏమనుకుంటారని మావారు వాడితో మాటలు మానేశారు. ఫ్లాట్ ఇప్పుడే వాడి పేరున రాసేస్తే కదలడని ఆయన లెక్క. గొడవ మొదలైతే చాలు, 'నన్ను ఊళ్లో దింపేయండి' అంటుంది అత్తమ్మ. వాడు వెళ్తానన్నప్పుడు నాకు లోలోపల హాయిగా అనిపించింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నాది స్వార్థమా?

జవాబు: ఉత్తరమంతా ఆ ఆఖరి ప్రశ్న కోసమే రాసినట్టున్నారు. స్వార్థం కాదమ్మా, అలసట. జనాభా లెక్కలవాళ్లు ఒక కుటుంబం అని ఎవరిని రాసుకుంటారో తెలుసా? కలిసి ఉంటూ ఒకే వంటగదిలో వండింది తినేవాళ్లని. ఆ లెక్కన మీ నలుగురిదీ ఒకటే కుటుంబం. ఆ వంటగదిలో నిలబడేది మాత్రం మీరొక్కరే. ఐదో మనిషి వస్తే పని పంచుకుంటుందనుకుంటాం గానీ, ఉద్యోగానికి పరిగెత్తే పిల్లకు మొదట్లో మీరే బాక్స్ కట్టిస్తారు. ఆర్నెల్లకు విసుగొస్తుంది. అప్పుడు వేరు పడితే తప్పు కోడలి మీదికే పోతుంది. ఇలా మొదలైన గొడవలు నేను చాలా విన్నాను. పోట్లాడుకుని విడిపోయినవాళ్లు పండక్కి కూడా మొహమాటంగానే వస్తారు. ముందే అనుకుని పక్క వీధిలో ఉన్నవాళ్లు కూర గిన్నె పట్టుకుని వస్తారు.

అందుకని నా మాట: వెళ్లనివ్వండి, కానీ దగ్గర్లోకి. నడిచి పది నిమిషాల్లో చేరే ఇల్లయితే చాలు. అద్దె, అడ్వాన్సు వాడే కట్టుకోవాలి. కుక్కరూ మిక్సీ మీరు కొనిపెట్టండి, వంట మాత్రం వాళ్లదే. రోజూ క్యారియర్ పంపడం మొదలుపెడితే మీకు రెండు వంటగదులవుతాయి, జాగ్రత్త! ఇంకో సంగతి. ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆమె మాట ఒక్కటీ లేదు. ముహూర్తానికి ముందే పిల్లలిద్దరూ తేల్చుకుని వచ్చి మీ ఇద్దరికీ చెప్పాలి. మీ అబ్బాయి నాన్నకు చెప్పాల్సింది మీ చేత చెప్పిస్తుంటే అది మానిపించండి.

ఫ్లాట్ రాసిచ్చే విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను, వద్దు. మనిషిని ఆపడానికి ఆస్తి రాసివ్వకూడదు. మీ అబ్బాయి మంచివాడు కాదని కాదు. గిఫ్ట్ డీడ్ రిజిస్టరయ్యాక మనసు మారితే వెనక్కి తీసుకోవడం తేలిక కాదు. వీలునామా అయితే బతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, ఆ రాతను రద్దు చేయమని 23వ సెక్షన్ కింద ట్రైబ్యునల్‌ను అడగొచ్చు. అయితే ఆ షరతు దస్తావేజులో రాసి ఉండాలి, లేకపోతే దాన్ని రుజువు చేయడానికే ఏళ్లు పడతాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కాగితాలు చూసిన మనిషి కాబట్టి, మీవారికి ఇది నాకంటే బాగా అర్థమవుతుంది.

నిజానికి ఆయన భయం జనం గురించి కాదేమో. పొద్దున తొమ్మిదింటికి వెళ్లాల్సిన ఆఫీసు లేకుండా పోయింది. ఇప్పుడు కొడుకూ ఇంట్లో ఉండనంటున్నాడు. ఆయనకు చేతినిండా పని కావాలి. అత్తమ్మ మందులు, బీపీ చూడటం, కూరగాయలు, సాయంత్రం ఆమెను కాసేపు కింద నడిపించడం ఆయనకు అప్పజెప్పండి. సాయం చేయమని అడగొద్దు, మీ అమ్మను మీరు చూసుకోండి అని చెప్పండి. మొదటి వారం మాత్రలు తారుమారు చేస్తారు, పక్కనే ఉండి చూడండి.

ఇక అత్తమ్మ. 'ఊళ్లో దింపేయండి' అనేది గొడవప్పుడే కదా, ఆ మాట వెనక ఊరు లేదు. ఆరేళ్లుగా ఆమెకు తలుపు వేసుకునే గది లేదు. టీవీ ఆపేదాకా నిద్ర లేదు, చుట్టాలొస్తే దివాన్ మీద చోటూ లేదు. అబ్బాయి గది ఖాళీ అయ్యాక అది ఆమెకివ్వండి. చుట్టాల గది అని అట్టిపెట్టొద్దు. బాత్రూంలో గోడకు పట్టుకునే స్టీలు రాడ్డు, రాత్రి వెలిగే చిన్న బల్బు, జారని పట్ట పెట్టించండి. ఈ వయసులో రాత్రిపూట ఒక్కసారి జారిపడితే ఇల్లంతా ఆస్పత్రిలోనే ఉంటుంది. ఊరి మీద నిజంగానే బెంగుంటే సంక్రాంతికి నాలుగు రోజులు మీరే తీసుకెళ్లండి. ఒంటరిగా దింపి మాత్రం రావద్దు.

ఇదంతా హాల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పకండి, పంచాయితీ అయిపోతుంది. రేపు సాయంత్రం ఆయన పాలకు కిందికి వెళ్లేటప్పుడు మీరూ చెప్పులేసుకోండి. మీ కాలనీలో టు-లెట్ బోర్డులు ఎక్కడెక్కడున్నాయో ఆయన కంటా పడనివ్వండి.