4కె మానిటర్ కొన్నాం, మౌస్ ఆగి ఆగి కదులుతోంది

ప్రశ్న: మా అమ్మాయి సీఏ చదువుతోంది. ఎక్సెల్ షీట్లు పక్కపక్కన పెట్టుకుంటానంటే 27 అంగుళాల 4కె మానిటర్ కొన్నాం. పాత ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే బొమ్మ వస్తోంది గానీ మౌస్ బాణం ఆగి ఆగి కదులుతోంది, కళ్లు లాగుతున్నాయంటోంది. షాపువాళ్లేమో ల్యాప్‌టాప్ మార్చుకోమంటున్నారు. మార్చక తప్పదా సార్?
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తొందరపడి మార్చకండి. మీరు చెప్పినదాన్ని బట్టి మానిటర్ 60 హెర్ట్జ్ (అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మారడం) బదులు 30లో నడుస్తున్నట్టుంది. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అక్కడ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి మీ మానిటర్‌ని ఎంచుకోండి, రిఫ్రెష్ రేట్ ఎంతో అక్కడే తెలుస్తుంది. 4కె అంటే 3840 × 2160, దాదాపు 83 లక్షల చుక్కలు, ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. పాత ల్యాప్‌టాప్‌లలోని హెచ్‌డీఎంఐ 1.4 ఇన్ని చుక్కల్ని సెకనుకి 30 సార్లే పంపగలదు, 60 కావాలంటే 2013లో వచ్చిన 2.0 ఉండాలి. రెండు పోర్టులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అసలు చిక్కంతా అక్కడే. పోర్టే 1.4 అయితే ఎంత ఖరీదైన కేబుల్ కొన్నా డబ్బు దండగ.

ముందు మానిటర్ మెనూలో హెచ్‌డీఎంఐ వెర్షన్ మార్చే ఆప్షన్ ఉందేమో చూడండి, కొన్నిటిలో అది 1.4 మీదే ఉండిపోతుంది. తర్వాత ల్యాప్‌టాప్ పక్కన టైప్-సి పోర్టు ఉందా, దాని దగ్గర 'డి' లోపల 'పి' ఇరికించినట్టుండే డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ మెరుపు గుర్తు గానీ ఉందా చూడండి. గుర్తు లేనంత మాత్రాన బొమ్మ రాదని కాదు, అడుగున స్టిక్కర్ మీదున్న మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే తేలిపోతుంది. ఆ పోర్టు వీడియో ఇచ్చేదైతే టైప్-సి నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి వెళ్లే కేబుల్ ఒక్కటి కొనండి, చాలావరకు 60 వచ్చేస్తుంది. ఒక టైప్-సి పోర్టుని పలు పోర్టులుగా మార్చే చవక హబ్‌ల జోలికి మాత్రం పోవద్దు, వాటిలో చాలా రకాలు 4కెని 30 దగ్గరే ఆపేస్తాయి. టైప్-సి లేకపోతే రిజల్యూషన్ 2560 × 1440కి తగ్గించండి. అక్షరాలు కాస్త మెత్తబడతాయి గానీ మౌస్ సాఫీగా కదులుతుంది, పిల్ల కళ్లకి అదే మేలు.

ప్రశ్న: నా మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1కి రెండు మానిటర్లు పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నేరుగా ఒక్కటే వస్తుందమ్మా, ఎం2 ఎయిర్‌కీ అంతే. ఎం3లో మూత మూస్తే రెండు, ఎం4లో మూత తెరిచి ఉన్నా రెండు వస్తాయి. మీకు రెండోది తప్పనిసరైతే డిస్‌ప్లేలింక్ టెక్నాలజీ ఉన్న డాక్ (ల్యాప్‌టాప్‌కి తగిలించి మానిటర్లు కలుపుకునే పెట్టె) కొని, దాని సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. ఎక్సెల్, బ్రౌజర్ లాంటి ఆఫీసు పనికి అది సరిపోతుంది, వీడియో ఎడిటింగ్‌కైతే నేను వద్దనే అంటాను.