రాజీ చేశాక ఏడిపించడం ఇంకా ఎక్కువైంది

ప్రశ్న: మా అబ్బాయి జడ్పీ హైస్కూల్లో 9వ తరగతి చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచీ కొంచెం నత్తి. ఏడాదిగా క్లాసులో ముగ్గురు పిల్లలు ‘నత్తోడా’ అని పిలుస్తూ, వాడు పాఠం చదివితే అలాగే అనుకరిస్తూ ఏడిపిస్తున్నారు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు లాక్కుంటారు. మొన్న బాత్రూం దగ్గర తోసేసి, వాడు ఏడుస్తుంటే దొంగచాటుగా తెచ్చిన ఫోన్లో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మావారు వెళ్లి అడిగితే హెచ్‌ఎం గారు ప్రేయర్లో ఒక పిల్లాడికి రెండు బెత్తం దెబ్బలు వేసి, మా వాడితో చేతులు కలిపించి పంపారు. అప్పటి నుంచి ఇంకా ఎక్కువైంది. సోమవారం వస్తే కడుపునొప్పి అంటాడు. ‘నువ్వూ తిరిగి కొట్టి రా’ అని వాళ్ల నాన్న కేకలేస్తారు. టీసీ తీసుకుని ప్రైవేటు స్కూల్లో వేయమంటారా? — ఒక తల్లి

జవాబు: అమ్మా, టీసీ సంగతి చివర్లో చెబుతాను. ముందు, హెచ్‌ఎం గారు మంచి ఉద్దేశంతోనే చేసిన పని ఎందుకు తిరగబడిందో చూద్దాం. అది అర్థమైతే ఈసారి బడిలో ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ఇద్దరు పిల్లలు క్రికెట్ దగ్గర కొట్టుకుంటే రాజీ పనిచేస్తుంది. ఇద్దరి బలమూ ఒకటే, ఇద్దరి తప్పూ కొంత ఉంటుంది. మీ వాడి విషయంలో జరుగుతున్నది తగాదా కాదు. నార్వేలో ఈ విషయం మీద జీవితమంతా పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వియస్ దీనికి మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదుటివాడు తట్టుకోలేనంత బలం తేడా ఉండడం. ముగ్గురు ఒకవైపు, మాట తడబడే పిల్లాడు ఒకడూ ఒకవైపు. మూడు గుర్తులూ ఇక్కడ ఉన్నాయి. ఇలాంటి చోట చేతులు కలిపిస్తే మీ వాడికి ‘నీ తప్పూ సగం ఉంది’ అని చెప్పినట్టవుతుంది. ఆ ముగ్గురికేమో ‘వీడే చెప్పాడు’ అన్న సంగతి ఖాయమవుతుంది. పైగా బెత్తం దెబ్బలు తిన్నవాడు ఆ అవమానాన్ని సార్ మీద తీర్చుకోలేడు, మీ వాడి మీదే తీర్చుకుంటాడు. ఈసారి సార్లు చూడని చోట తీర్చుకుంటాడు. మీకు ఎక్కువైనట్టు కనిపిస్తున్నది అదే.

బెత్తం గురించి ఒక మాట. విద్యా హక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మానసికంగా హింసించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం 14 ఏళ్ల లోపు పిల్లలకే కదా అని హైస్కూళ్లలో అంటుంటారు. కానీ పిల్లలను చూసుకోవాల్సినవారే వారిని కొట్టి హింసించడాన్ని నేరంగా చూసే బాల న్యాయ చట్టం 2015లోని 75వ సెక్షన్ 18 ఏళ్ల లోపు ప్రతి పిల్లవాడికీ వర్తిస్తుంది. మీ వాడిని ఏడిపించిన పిల్లాడికి కూడా అది రక్షణే. కాబట్టి మళ్లీ వెళ్లినప్పుడు ‘వాణ్ని గట్టిగా కొట్టండి’ అని మాత్రం అడగకండి.

ఇక ఇంట్లో. పిల్లాడిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఈ వయసులో నోరు విప్పడు. బట్టలు మడతపెడుతున్నప్పుడో, బండి మీద వెనక కూర్చున్నప్పుడో అడగండి. ‘ఎందుకు ఊరుకున్నావు?’ అనే ప్రశ్న వద్దు, అది నింద. చోటు, సమయం అడగండి: ‘ఏ పీరియడ్ తర్వాత వస్తారు? బాత్రూం దగ్గరా, అన్నం లైన్లోనా, సైకిళ్ల దగ్గరా? అప్పుడు అక్కడ ఎవరున్నారు?’ నత్తి ఉన్న పిల్లాడు కాబట్టి మాట అందుకోవద్దు, వాడి వాక్యాన్ని మీరు పూర్తి చేయవద్దు. ఎంతసేపైనా ఆగండి. ‘ఎవరికీ చెప్పనులే’ అని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. ‘నీకు చెప్పకుండా ఏమీ చెయ్యను’ అనండి. ఇలా చెప్పడం చాడీలు కావనీ, చాడీలు ఒకరిని ఇరికించడానికి చెప్పేవనీ, ఇది ఆపద నుంచి బయటపడడానికి అడిగే సాయమనీ వాడికి విడమరచండి. మన పిల్లలు చాలామంది ‘చాడీలు’ అన్న మాటకు భయపడే నోరు మూసుకుంటారు.

కడుపునొప్పిని నాటకం అనుకోకండి. భయానికి కడుపు నిజంగానే నొప్పెడుతుంది. ఒకసారి డాక్టరుకు చూపించండి, ఇంకో కారణం కూడా ఉండవచ్చు. బాత్రూం దగ్గర దెబ్బ తిన్న పిల్లలు అక్కడికి వెళ్లాల్సి వస్తుందని పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు, సాయంత్రం దాకా మూత్రం ఆపుకుంటారు. ఇంటికి తెచ్చిన నీళ్ల సీసా నిండుగా ఉందో లేదో చూడండి. నిద్ర, తిండి బాగా తగ్గినా, ఇష్టమైన వస్తువులు ఎవరికైనా ఇచ్చేస్తున్నా, ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాటలు వచ్చినా నేరుగా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?’ అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న భారం దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందు, మాత్రలు అందకుండా పెట్టండి, వెంటనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉచితమే.

ఒక నోట్‌బుక్ తీసుకోండి. తేదీ, ఎన్నో పీరియడ్, ఎక్కడ, ఎవరు ఏం అన్నారు లేదా చేశారు, చూసినవాళ్లు ఎవరు, ఆ తర్వాత ఏ టీచరుకు చెప్పారు. ఒక్కో సంఘటనకు మూడు నాలుగు లైన్లు చాలు. ‘రోజూ ఏడిపిస్తున్నారు’ అంటే హెచ్‌ఎం గారి చేతిలో ఏమీ లేదు. ‘ఈ నెల 3న, 8న, 12న, మూడుసార్లూ భోజనం బెల్లు కొట్టాక, కుళాయిల దగ్గర’ అంటే అక్కడ ఒక టీచరును నిలబెట్టగలరు. వీడియో పెట్టిన మెసేజ్ స్క్రీన్‌షాట్ తీయండి, నంబరు, తేదీ, గ్రూపు పేరు కనబడాలి. గ్రూపులో మీరు జవాబు పెట్టవద్దు. ఆ వీడియోను సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ పంపవద్దు, ఫోనే తీసుకెళ్లి చూపించండి. ఒకవేళ అందులో బట్టలు లాగడం, శరీరం కనబడడం ఉంటే దారి వేరు. అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం కిందికి రావచ్చు, అలా వస్తే తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం బడికీ నేరమే. అప్పుడు హెచ్‌ఎం నిర్ణయం కోసం ఎదురుచూడకుండా స్టేషన్‌కు వెళ్లాలి. కులం పేరు పెట్టి తిట్టి ఉంటే అదీ నోట్‌బుక్‌లో మాట మాటగా రాయండి, దాన్ని మామూలు వెక్కిరింపుల్లో కలపవద్దు.

తర్వాత హెచ్‌ఎం గారికి ఒక పేజీ ఉత్తరం. కోపం ఉత్తరంలో వద్దు. జరిగినవి తేదీలతో రాసి, కింద అడిగేవి స్పష్టంగా రాయండి:

‘1. మా అబ్బాయిని, ఆ విద్యార్థులను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించవద్దు. 2. భోజన సమయంలోనూ, ఇంటర్వెల్‌లోనూ కుళాయిలు, బాత్రూంల వైపు ఒక టీచరు ఉండేలా చూడండి. 3. సీట్లు మార్చాల్సి వస్తే మా అబ్బాయిని కాక వారిని మార్చండి. 4. మా అబ్బాయి రోజూ వెళ్లి చెప్పుకోవడానికి ఒక టీచరును కేటాయించండి. 5. ఏం చేశారో తెలుసుకోవడానికి పది రోజుల తర్వాత ఏ రోజు రమ్మంటారో చెప్పండి.’

రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీ, సంతకం, స్టాంపు వేయించుకోండి. ‘నోటితో చెప్పారుగా, కాగితం ఎందుకు’ అంటారు. మర్యాదగానే పట్టుబట్టండి. చెప్పిన రోజుకు ఏమీ జరగకపోతే ఆ కాపీ జతచేసి విద్యాశాఖలో హెచ్‌ఎం పై అధికారికి, అక్కడా కదలకపోతే డీఈఓకు (జిల్లా విద్యాధికారికి) రాయండి. సీబీఎస్‌ఈ బడుల్లో దీనికి ఒక కమిటీ ఉండాలని బోర్డు 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది. రాష్ట్ర సిలబస్ బడిలో మీకు మొదటి దిక్కు ఈ రాతపూర్వక వరుసే.

ఇక్కడి నుంచి నాలుగు పేరాలు హెచ్‌ఎం గారికి చదివి వినిపించినా తప్పులేదు.

సార్, ముగ్గురినీ ఒకేసారి గదిలోకి పిలవకండి. ఒకే పీరియడ్‌లో, ఒకరి తర్వాత ఒకరిని, మధ్యలో మాట్లాడుకునే వీలు లేకుండా పిలవండి. లీడరుతో మొదలుపెట్టకండి, వెనక నవ్వే పిల్లాడితో మొదలుపెట్టండి. ‘నువ్వు చేశావా లేదా’ అని నిలదీస్తే అబద్ధమే వస్తుంది. ‘అబ్బాయికి కష్టంగా ఉందని తెలిసింది. నువ్వు చూసింది చెప్పు. రేపటి నుంచి నువ్వేం చేస్తావు?’ అంటే దారి దొరుకుతుంది. ఎవరు చెప్పారన్నది బయటపెట్టకండి. టీచర్లు గమనించారనే చెప్పండి, అందుకని ముందు రెండు మూడు రోజులు నిజంగానే గమనించండి.

శిక్ష తప్పుకు తగ్గట్టు ఉండాలి, మందిలో కాకుండా ఉండాలి. వీడియో తీసినవాడు తల్లిదండ్రుల ముందే దాన్ని ‘అందరికీ డిలీట్’ చేయాలి, తీసివేశానని గ్రూపులో రాయాలి. అప్పటికే చాలా రోజులైతే ఆ ఆప్షన్ పనిచేయదు, గ్రూపు అడ్మిన్ చేత తీయించే వీలుందేమో చూడాలి. కుళాయిల దగ్గర ఏడిపించినవాడు రెండు వారాలు టీచరు పక్కన కూర్చుని తినాలి. ఇంటి దారిలో వెంబడించేవాడుంటే, ఈ పిల్లాడు వెళ్లిన పది నిమిషాలకు గేటు దాటాలి. ముగ్గురూ రోజూ క్లాస్ టీచరు దగ్గర సంతకం పెట్టాలి. గుంజీలు, గోడకుర్చీ, క్లాసంతటినీ ఎండలో నిలబెట్టడం వద్దే వద్దు. క్లాసంతటికీ శిక్ష వేస్తే మిగతా నలభై మందీ ‘వీడి వల్లే’ అంటారు. బడి నుంచి తీసేస్తామన్న బెదిరింపూ వద్దు. 8వ తరగతి పూర్తయ్యే దాకా ఏ పిల్లవాడినీ తీసేయకూడదని విద్యా హక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. 9లో వీలున్నా, ఆ పిల్లాడు వీధిలో తిరిగితే మీ గేటు బయటే ఉంటాడు. వాడి తండ్రిని పిలిచినప్పుడు కూడా జాగ్రత్త. ఆ రాత్రి బెల్టు తీస్తే మర్నాడు లెక్క మళ్లీ ఈ పిల్లాడి మీదే తేలుతుంది. ‘మీ వాడిలో నలుగురిని నడిపించే గుణం ఉంది, దాన్ని తప్పుదారిలో వాడుతున్నాడు, కొట్టకండి, ఫోన్ మాత్రం బడికి రానివ్వకండి’ అని చెప్పి పంపండి.

బడి బయట పెట్టిన ఫిర్యాదుల పెట్టె చాలా చోట్ల ఖాళీగానే ఉంటుంది. దాంట్లో కాగితం వేస్తున్నవాడిని అందరూ చూస్తారు కాబట్టి. దానికి బదులు నెలకోసారి క్లాసులో అందరికీ సగం కాగితం ఇవ్వండి, పేరు రాయనక్కర్లేదు. ‘ఈ నెలలో ఎవరినైనా ఏడిపించడం చూశావా? ఎక్కడ? ఏ సమయంలో?’ చూడనివాళ్లు కూడా ‘చూడలేదు’ అని మొత్తం వాక్యం రాయాలి. అందరి కలాలూ కదులుతుంటే ఎవరు చెప్పారో తెలియదు. ఒకే చోటు మళ్లీ మళ్లీ వస్తే అక్కడ డ్యూటీ వేయండి. టీచరు సెలవులో ఉన్న పీరియడ్, చివరి బెల్లు కొట్టాక మొదటి పది నిమిషాలు ఎక్కువగా తేలుతాయి. చూస్తూ నవ్వేవాళ్లే దీనికి ఇంధనం. వాళ్లను వీరుల్లా అడ్డుపడమని అడగకండి. నవ్వకుండా ఉండడం, ఆ పిల్లాడిని ‘రారా, లైన్లో నా ముందు నిలబడు’ అని పిలవడం, టీచరుకు చెప్పడం. ఈ మూడూ భయపడే పిల్లాడు కూడా చేయగలడు.

తెలుగు, ఇంగ్లీషు సార్లకు ఇంకొక విన్నపం. వరుసలో లేపి పాఠం చదివించేటప్పుడు ఈ పిల్లాడి వంతు వచ్చేసరికి క్లాసు నవ్వడానికి సిద్ధమవుతుంది. వాణ్ని వదిలేయకండి, అదీ అవమానమే. ముందు రోజే పేరా చెప్పి, పక్కవాడితో కలిసి చదివించండి. నత్తి ఉన్న చాలామంది ఇంకొకరితో గొంతు కలిపితే తడబడరు. మొదటి నవ్వు వినబడినప్పుడే పాఠం ఆపండి, ఉపన్యాసం అక్కర్లేదు.

మళ్లీ మీతో, అమ్మా. పది రోజుల తర్వాత వెళ్లినప్పుడు ‘ఇప్పుడు బాగుందా’ అని కాదు, ‘నోట్‌బుక్‌లో మొదటి పది రోజుల్లో ఎన్ని, ఈ పది రోజుల్లో ఎన్ని’ అని చూపించండి. మొదటి వారం కొంచెం పెరగవచ్చు, కొత్త హద్దు ఎక్కడుందో వాళ్లు పరీక్షిస్తారు. నెల తర్వాత మరోసారి వెళ్లండి. చాలా బడులు మొదటి వారం గట్టిగా చూసి వదిలేస్తాయి, అక్కడే మళ్లీ మొదలవుతుంది. ఈలోగా వాడికి ఒక్క స్నేహితుడు చాలు. మీ వీధి నుంచి అదే బడికి వెళ్లే పిల్లాడెవరో చూసి ఆదివారం ఇంటికి పిలవండి, ఇద్దరూ కలిసి వెళ్లే ఏర్పాటు చేయండి. ఒంటరిగా నడిచేవాడే దొరుకుతాడు. దగ్గర్లోని పెద్దాసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు ఉంటే చూపించండి. కానీ ‘వాళ్లు ఏడిపిస్తున్నారు కాబట్టి నత్తి పోగొట్టుకో’ అన్న అర్థం వాడికి వెళ్లకూడదు.

టీసీ ఇప్పుడే వద్దు. సంవత్సరం మధ్యలో కొత్త బడిలో అడుగుపెట్టే పిల్లాడు మొదటి నెల ఒంటరే, నత్తి అక్కడా ఉంటుంది. ఫీజు భారం ఇంట్లో వాడి మీదే మాటై పడే ప్రమాదమూ ఉంది. ఉత్తరం ఇచ్చాక ఆరు వారాలు చూడండి. ఈలోపు గాయం అయ్యేంత కొట్టినా, బడి ‘ఇక్కడ ఏమీ జరగలేదు’ అని బుకాయించినా, పరిస్థితి చల్లబడ్డాక కూడా వాడే ‘బడి మారతాను’ అన్నా మార్చండి. మార్చేటట్టయితే 10వ తరగతి మధ్యలోకి లాగకుండా 9 అయిపోగానే మార్చండి.

మీవారితో ఒక్క మాట. తిరిగి కొడితే ముగ్గురి చేతిలో దెబ్బలు తినేది వాడు, తర్వాత ‘ఇద్దరూ కొట్టుకున్నారు’ అని ఫైలు మూసేది బడి. వాడు కొట్టలేకపోయి తండ్రి ముందు కూడా ఓడిపోతున్నాడు. ఆయన ఆ పిల్లల ఇళ్లకు వెళ్లవద్దు, దారిలో ఆపి బెదిరించవద్దు. చేయగలిగింది ఉంది: వచ్చే రెండు వారాలు సాయంత్రం బడి వదిలే వేళకు గేటు దగ్గర బండి మీద ఉండమనండి. ఆ పిల్లలతో ఏమీ మాట్లాడనక్కర్లేదు. మీ వాడు ఎక్కాక, ఇల్లు చేరేదాకా వాడు చెబితే వినమనండి, చెప్పకపోతే ఊరుకోమనండి.