11 ఏళ్ల మెయిన్‌ఫ్రేమ్ అనుభవం వదిలేసి ఏఐ వైపు వెళ్లాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒకే కంపెనీలో 11 ఏళ్లుగా ఒక బ్యాంకు ప్రాజెక్టుకు మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకులు వాడే భారీ కంప్యూటర్) మీద పనిచేస్తున్నాను: కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష, జాబ్‌లు నడిపే జేసీఎల్, డీబీ2 డేటాబేస్. జీతం పెరగడం లేదు. మానేసి ఏఐ కోర్సు చేద్దామంటే నా భార్య ససేమిరా అంటోంది. ఇంటి లోన్ ఉంది, అమ్మకు షుగర్. రోజూ గొడవే.

జవాబు: ముందు రాజీనామా ఆలోచన పక్కన పెట్టండి. మీ ఆవిడ భయంలో న్యాయముంది. కోర్సు చేసి వెళ్తే మీకు పోటీ రెండేళ్ల అనుభవం ఉన్న కుర్రాళ్లు. మీరు అడిగేది మాత్రం 11 ఏళ్ల జీతం. ఇంటర్వ్యూలో అక్కడే బెడిసికొడుతుంది.

మీకు దగ్గరి దారి మోడర్నైజేషన్ ప్రాజెక్టులు, అంటే మెయిన్‌ఫ్రేమ్ నుంచి క్లౌడ్‌కి మార్చే పని. జావా తెలిసినవాళ్లు బోలెడుమంది. కాపీబుక్ (కోబాల్‌లో రికార్డు నమూనా రాసి ఉండే ఫైలు) చూసి ఫలానా ఫీల్డ్ కాంప్-3, అంటే ఒక బైటులో రెండేసి అంకెలు కుదించి దాచే ప్యాక్డ్ రూపం, అని గుర్తుపట్టేవాళ్లు తక్కువ. ఫైలంతా టెక్స్ట్ అనుకుని ఎబ్సిడిక్ (మెయిన్‌ఫ్రేమ్ అక్షరాల కోడ్) నుంచి ఆస్కీకి (మిగతా కంప్యూటర్ల కోడ్) మార్చేస్తే ఆ ప్యాక్డ్ అంకెలు పాడైపోతాయి, ఖాతా నిల్వలు తప్పుతాయి. సార్టింగూ తారుమారవుతుంది: ఎబ్సిడిక్‌లో అక్షరాల తర్వాత అంకెలు, ఆస్కీలో అంకెలే ముందు. రెజ్యూమెలో రాయాల్సింది ఇదీ. అర్ధరాత్రి బ్యాచ్ ఎస్‌0సీ7తో (అంకెలుండాల్సిన చోట చెల్లని డేటా ఉంటే వచ్చే ఎర్రర్) ఆగితే ఎలా సరిచేశారో, రన్ టైమ్ ఎంత తగ్గించారో రాయండి. క్లయింటు పేరు, కోడ్ మాత్రం బయటపెట్టొద్దు.

ఉద్యోగంలో ఉంటూనే జావా, దానితో వాడే స్ప్రింగ్ బూట్ ఫ్రేమ్‌వర్క్, ఏదో ఒక క్లౌడ్ నేర్చుకోండి. ఇంట్లో కంప్యూటర్‌లో గ్నూకోబాల్ (కోబాల్ కంపైలర్) ఉచితంగా వేసుకుని చిన్న వడ్డీ లెక్క ప్రోగ్రామ్ సొంతంగా రాయండి. దాన్నే జావాలో తిరగరాసి, రెండు ఔట్‌పుట్‌లూ పైసాతో సహా కలిసేదాకా చూడండి. సర్టిఫికెట్ కన్నా ఇదే బాగా పనికొస్తుంది.

ఇక ఇంటి సంగతి. ఆవిడతో కూర్చుని ఈఎంఐ, ఇంటి ఖర్చు, అమ్మ మందులు కాగితం మీద రాయండి. ఆరు నెలలకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకోండి. గ్రాట్యుటీ (మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) కూడా సుమారుగా లెక్కేయండి: చివరి నెల బేసిక్‌ను (డీఏ ఉంటే అదీ కలిపి) 15తో హెచ్చించి, 26తో భాగించి, 11తో హెచ్చించాలి. బేసిక్ 60 వేలైతే సుమారు 3.8 లక్షలు. పీఎఫ్ తీయకండి, అదే యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) మీద బదిలీ చేయించండి.

ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా. మీ నోటీసు 90 రోజులైతే కొత్త కంపెనీవాళ్లు అన్నాళ్లు ఆగుతారా, అమ్మకు ఉన్న షుగర్‌కు మొదటి రోజు నుంచే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అని మెయిల్‌లో అడిగి జవాబు తీసుకోండి. పాత కంపెనీ ఇన్సూరెన్స్ సాధారణంగా మీరు మానేయడంతోనే ఆగిపోతుంది. చేరాక పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి. ఇవ్వకపోతే రెండు చోట్లా మినహాయింపులు లెక్కేసి, రిటర్న్ వేసేటప్పుడు తక్కువ కోసిన పన్నంతా ఒక్కసారి మీద పడుతుంది. ఆఫర్‌లో వేరియబుల్ పే (పనితీరును బట్టి మారే జీతం) ఎంతో మీ ఆవిడ ఎదురుగానే విడగొట్టి చూడండి. ఈఎంఐకి అది లెక్కలోకి రాదు.