చచ్చినవాడే సాక్షి అయితే

అమ్మాయ్,

నీ నవల చిత్తుప్రతి చదివాను. చనిపోయినవాళ్లు మూడు రోజులపాటు మాట్లాడగలిగే లోకం, అందులో ఒక హత్య, దాన్ని ఛేదించడానికి ఒక డిటెక్టివ్. ఊహ బాగుంది. అయితే శవం నోరు తెరిచి హంతకుడి పేరు చెప్పేస్తే పోయేదానికి ఇంత పరిశోధన దేనికని ఏ పాఠకుడైనా అడుగుతాడు. ముందు అది తేల్చుకో.

ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకి పది నియమాలు పెట్టాడు. మానవాతీత శక్తులు పనికిరావన్నది అందులో రెండోది. అది చూసి టెన్షన్ పడకు. దాచిపెట్టిన శక్తితో చిక్కుముడి విప్పడం మోసమన్నదే ఆయన బాధ. నీ లోకంలో చావు ఎలా పనిచేస్తుందో మొదట్లోనే చెప్పేయ్. ఆ తర్వాత కొత్త వెసులుబాటు ఒక్కటీ ఇవ్వకు. ఆఖర్లో నీ డిటెక్టివ్‌కి హఠాత్తుగా ఆత్మలు కనబడతాయి చూడు, అది మాత్రం తీసేయాల్సిందే.

చచ్చినంత మాత్రాన మనిషికి సర్వం తెలిసిపోదు. వెనక నుంచి పొడిస్తే ఎవరు పొడిచారో వాడికేం తెలుస్తుంది? తెలిసినా చెప్పాలని లేదు. చావబోయేవాడు అబద్ధమాడడన్న నమ్మకంతోనే కోర్టులు మరణ వాంగ్మూలానికి విలువిస్తాయి. చచ్చాక ఆ చావు భయమూ తీరిపోయినట్టే కదా! కొడుకే చంపాడనుకో, తండ్రి నోరు విప్పుతాడా? జపాన్ రచయిత అకుతగావా 1922 నాటి కథ ఒకదానిలో చనిపోయిన సమురాయ్ ఆత్మ పూని సాక్ష్యం చెబుతుంది. బతికున్నవాళ్ల మాటలకీ దానికీ పొంతనే ఉండదు.

శవం ఏం మాట్లాడినా, శరీరం చెప్పే సాక్ష్యం వేరే ఉంటుంది. గుండె ఆగాక నెత్తురు కిందివైపుకి దిగి, ఆ భాగాల్లో ఊదారంగు మచ్చలు తేలుతాయి. సుమారు 8 నుంచి 12 గంటల్లో అవి స్థిరపడిపోతాయి. ఆ తర్వాత శవాన్ని తిప్పినా చోటు మారవు. నీ హతుడు "బోర్లా పడి చచ్చాను" అంటున్నాడు, మచ్చలేమో వీపు మీదున్నాయి. వాడు అబద్ధమైనా ఆడుతుండాలి, లేదా ప్రాణం పోయిన కాసేపటికే ఎవరో వచ్చి వెల్లకిలా తిప్పి ఉండాలి. ఎందుకు తిప్పారు? శవం కింద ఏముంది? ఇదిగో, ఇప్పుడు డిటెక్టివ్‌కి పని దొరికింది. శవపరీక్షని రెండు వాక్యాల్లో తేల్చేశావు. దానికి నాలుగు పేజీలు ఇవ్వు. కావలిస్తే పునర్జన్మ మీద ఆ ఉపన్యాసం కొట్టేయ్, ఎవరూ చదవరు.

ఇంకో సంగతి. మూడు రోజుల గడువు హంతకుడికీ తెలుసు. ముసుగు వేసుకుంటాడు, నిద్రలో చంపుతాడు, లేదా గడువు దాటేదాకా శవాన్ని దాచేస్తాడు. నాకైతే ఆఖరిదే నచ్చింది. అప్పుడు నీ డిటెక్టివ్ ముందు శవాన్ని వెతుక్కోవాలి, అదీ చచ్చినవాడు మాట్లాడగలిగే ఆ మూడు రోజుల్లోనే.

మొదటి మూడు అధ్యాయాలు తిరగరాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

బాబాయ్