పాత చర్చ చేజారని చోటు

ప్రశ్న: తెలుగులో అక్షరదోషాలను పట్టే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రోగ్రామును నలభై మందిమి కలిసి రాస్తున్నాం. ఇంతవరకు వాట్సాప్ గ్రూపులోనే మాట్లాడుకున్నాం. ఇప్పుడు బృందాలు మాట్లాడుకునే యాప్‌లలో కొందరు స్లాక్ అంటున్నారు, కొందరు డిస్కార్డ్ అంటున్నారు. ఏది ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వాట్సాప్‌ను వదలాలన్న మీ ఆలోచన సరైనదే. ముక్కూమొహం తెలియనివారు సైతం వచ్చి ఒక చేయి వేయడమే ఓపెన్ సోర్స్‌కు బలం కాగా, ఫోన్ నంబరు ఇవ్వాలన్న షరతు కొందరిని, ముఖ్యంగా అమ్మాయిలను, గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

స్లాక్ ఉచిత ప్లానులో 90 రోజులు దాటిన సందేశాలు కనిపించవు. ఏడాది దాటినవాటిని తొలగించే విధానం 2024లో వచ్చింది. ఫలానా సంధి నియమాన్ని కోడ్‌లో అలాగే ఎందుకు రాశారో తేల్చిన చర్చ రెండేళ్ల తరువాత చేరేవారికి అవసరమవుతుంది కనుక, మీకిది చిన్న నష్టం కాదు. 2025 జూన్‌లో సర్వర్లలో ప్రోగ్రాములను నడిపే కుబెర్నెటీస్ వంటి పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకే, స్లాక్‌లో వారి ఖాతాను ఉచిత ప్లానుకు దించుతున్నట్లు కొద్ది రోజుల ముందు కబురు వచ్చింది. ఆ నిర్ణయాన్ని తరువాత వెనక్కు తీసుకున్నప్పటికీ, ఆ ఆందోళన ఏ సముదాయానికీ రాకూడదు.

డిస్కార్డ్‌లో పాత సందేశాలు ఉంటాయి, మాట్లాడుకోవడానికి బాగుంటుంది. కానీ దాన్ని మీ సొంత సర్వర్లో నడుపుకునే వీలు లేదు. లోపల జరిగిన చర్చ గూగుల్‌లో వెతికేవారికి దొరకదు.

నేను మీకు జూలిప్ అనే చాట్ యాప్‌ను సూచిస్తాను. అందులో ప్రతి ఛానెల్‌లోనూ ప్రతి సందేశం ఒక అంశం కింద చేరుతుంది. ‘కోడ్’ అనే ఛానెల్‌లో “క్షకు ఒత్తు ఇస్తే తప్పుగా చూపిస్తోంది” అని తెలుగులోనే అంశం పేరు పెట్టి ఒకరు సమస్య రాస్తే, ఉద్యోగం ముగించుకుని రాత్రి పదకొండింటికి వచ్చినవారు మిగతా గోలంతా దాటవేసి ఆ ఒక్క చర్చనే మొదటి నుంచి చదివి బదులివ్వగలరు. దారితప్పిన సందేశాలను వేరే అంశంలోకి జరపవచ్చు. సమస్య తీరాక అంశం పేరు పక్కన టిక్కు పడేలా చేయవచ్చు. వాట్సాప్ అలవాటున్నవారికి మొదటి వారం ఇదంతా చిరాకుగానే ఉంటుంది, ఓపిక పట్టమని ముందే చెప్పండి. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషను, గణిత నిరూపణలను సరిచూసే లీన్‌ను అభివృద్ధి చేసేవారు ఏళ్లుగా ఇందులోనే పనిచేస్తున్నారు. జూలిప్ కూడా ఓపెన్ సోర్సే. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు అడిగితే జూలిప్ సంస్థ తన సర్వర్లలో నడిపే క్లౌడ్ సేవను ఉచితంగా ఇస్తుంది. ఖాతా లేనివారు సైతం చదివేలా ఛానెల్‌ను తెరిచి ఉంచవచ్చు. రేపు ఆ సేవ నచ్చకపోతే మీ చర్చలను ఫైళ్లుగా దించుకుని, అదే సాఫ్ట్‌వేర్‌ను మీ సర్వర్లో పెట్టుకోవచ్చు. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే.

వేర్వేరు సంస్థల సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలనుకుంటే మేట్రిక్స్ అనే చాట్ వ్యవస్థ మంచిది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను తయారుచేసే మొజిల్లా 2020లో తన ఐఆర్‌సీ (పాత తరహా చాట్) సర్వర్‌ను మూసి అక్కడికే వెళ్లింది. నలభై మందికి ఆ నిర్వహణ భారం అవసరం లేదు.

మారే ముందు వాట్సాప్‌లోని ‘ఎక్స్‌పోర్ట్ చాట్’తో పాత సంభాషణను దించుకోండి. అందులో సభ్యుల ఫోన్ నంబర్లు ఉండవచ్చు కనుక ఆ ఫైలును ఎక్కడా బహిరంగంగా పెట్టవద్దు. నియమాల గురించి తీసుకున్న నిర్ణయాలను మాత్రం ఏరి, మీ కోడ్ పక్కనే ఒక పత్రంగా రాసిపెట్టండి.