పాత ట్రాక్టర్‌కు రెండో డీజిల్ ట్యాంకు పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. 2008 మోడల్ ట్రాక్టర్ ఉంది. 2023లో ఆర్సీ రెన్యువల్ చేయించాను. ట్యాంకులో 45 లీటర్లకు మించి పట్టదు. దమ్ముల సీజన్లో రోటవేటర్ పెట్టి పొద్దస్తమానం నడిపితే సాయంత్రానికి ఖాళీ. మా పొలాలకు బంకు చాలా దూరం. ఊళ్లో వెల్డింగ్ షాపతను పాత లారీ ట్యాంకు కోసి, 60 లీటర్లు పట్టేలా చేసి, ఎడమ మడ్గార్డు పక్కన బిగిస్తానంటున్నాడు. రవాణా శాఖ వాళ్లు పట్టుకుంటారని ఒకరు, పొలం బండిని ఎవరూ అడగరని ఇంకొకరు అంటున్నారు. అనుమతి కావాలా? బీమాకు ఇబ్బంది అవుతుందా?
— ఒక రైతు

జవాబు: ముందు మీ ఆర్సీ తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఖాళీ బండి బరువు, ఇంధనం రకం, ఇలాంటి వివరాలే రిజిస్ట్రేషన్ రికార్డులో ఉంటాయి. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడుతుందన్నది అందులో ఉండదు. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఈ విషయం మీదే ఆధారపడి ఉంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 'మార్పు' అంటే ఏమిటో కూడా ఆ సెక్షనే చెప్పింది: బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మూల స్వరూపం మారిపోవాలి. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. ఆర్సీలో నమోదు కోసం కంపెనీ ఇచ్చిన వివరాలను మార్చే వీలు లేదంది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్‌ను మార్చి రాశారు. చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఇది చదివి టెన్షన్ పడకండి. బోల్టులతో బిగించి, కావాలంటే విప్పేసే చిన్న ట్యాంకు వల్ల ట్రాక్టర్ మూల స్వరూపం మారిందనడం కష్టం. ఇంధనం డీజిలే, ఇంజిన్ అదే, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) అదే. చిక్కు ఒక్కచోట ఉంది: ఖాళీ బండి బరువు. పనిలో ఉన్నప్పుడు బండితో మామూలుగా ఉండే సామగ్రి కూడా ఆ బరువులోకే వస్తుందని చట్టం అంటుంది. ఇనుప ట్యాంకు, దాన్ని మోసే పట్టీలు, స్టాండు కలిస్తే ఆ అంకె మారుతుంది. రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దీన్నే పట్టుకోవచ్చు. మన వాదనలో బలం ఉంది, కానీ ఒక ట్యాంకు కోసం కోర్టు మెట్లెక్కి ఆ బలం నిరూపించుకోమని నేను చెప్పను.

పొలం బండిని ఎవరూ అడగరన్న మాట సగమే నిజం. ఇంటి నుంచి పొలానికి వెళ్లాలంటే రోడ్డెక్కాలి. రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్, బీమా నిబంధనలన్నీ వర్తిస్తాయి. పైగా మీది 15 ఏళ్లు దాటిన బండి. అయిదేళ్లకోసారి రెన్యువల్ అంటే 2028లో మళ్లీ తీసుకెళ్లి చూపించాలి. మడ్గార్డు పక్కన లారీ ట్యాంకు ముక్క కనిపిస్తే ఆ రోజు ప్రశ్న తప్పదు.

అసలు భయపడాల్సింది జరిమానాకు కాదు, మంటకు. మీ షాపతను చెబుతున్న పద్ధతిలో నాకు నచ్చని చోట్లు మూడు నాలుగున్నాయి. పాత డీజిల్ ట్యాంకు ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది. దాన్ని కడగకుండా కోస్తే, వెల్డింగ్ పెడితే పేలొచ్చు. తర్వాత రిటర్న్ పైపు. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల దగ్గర మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చేది ఈ పైపులోనే. డీజిల్ రెండో ట్యాంకు నుంచి లాగుతూ రిటర్న్‌ను మాత్రం మొదటి ట్యాంకుకే వదిలేస్తే, అది నిండి మూత దగ్గర పొంగి వేడి ఇంజిన్ మీద పడుతుంది. మూతకు గాలి రంధ్రం లేకపోతే ఫీడ్ పంపు లాగలేక బండి ఆగిపోతుంది. బ్యాటరీకి, సైలెన్సర్‌కు దగ్గరగా రబ్బరు పైపు లాగితే అది ఎప్పుడు చిరిగిందో కూడా తెలియదు. దానికి తోడు 60 లీటర్ల డీజిల్ అంటే 50 కిలోల బరువు. అదంతా ఒక పక్కనే, బురదలో ఒరిగే బండి మీద. ఇవన్నీ మెకానిక్ విషయాలు కదా, లాయరుకెందుకు అనుకోకండి. ప్రమాదం జరిగితే పోలీసులు, బీమా సర్వేయరు అడిగేవి ఇవే.

నిప్పు, మండే పదార్థాల విషయంలో ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ఆ నిర్లక్ష్యం వల్ల మనిషి పోతే 106వ సెక్షన్. అందులో శిక్ష అయిదేళ్ల వరకు ఉంది. బండి నడిపేది జీతం మీదున్న డ్రైవరైతే అతని పరిహారం బాధ్యత కూడా మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇక బీమా. మీ పాలసీ థర్డ్ పార్టీ ఒక్కటేనా, సొంత నష్టానికీ కవర్ ఉందా చూడండి. ఇంత పాత ట్రాక్టర్లకు చాలామంది థర్డ్ పార్టీ మాత్రమే కడతారు. అదైతే మీ బండి కాలిపోయినా ఎవరూ పైసా ఇవ్వరు. అది ట్యాంకు వల్ల కాదు, ఆ కవరే లేదు కాబట్టి. సొంత నష్టం కవర్ ఉంటే మాత్రం, చెప్పకుండా చేసిన మార్పు వల్లే మంట వచ్చిందని కంపెనీ క్లెయిమ్ కొట్టేయడానికి చూస్తుంది. అలాంటప్పుడు రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అయితే ముందే లెటర్ పెట్టి ఉంటే మీ మాట నిలుస్తుంది, లేకపోతే కష్టం.

థర్డ్ పార్టీ విషయం వేరు. పక్క రైతు గడ్డివాము తగలబడినా, మనిషికి దెబ్బ తగిలినా బీమా కంపెనీ ఏ కారణాలతో తప్పుకోవచ్చో మోటారు వాహనాల చట్టమే 150వ సెక్షన్లో లెక్క కట్టి చెప్పింది. అదనపు ట్యాంకు అన్న కారణం ఆ జాబితాలో లేదు. కానీ కంపెనీ లాయరు ఇంకో అడ్డుపుల్ల వేస్తాడు: ప్రమాదం పొలంలో జరిగింది, అది పబ్లిక్ ప్లేస్ కాదు, కాబట్టి తప్పనిసరి బీమా వర్తించదని. కోర్టుల్లో దీని మీద ఏళ్లుగా వాదనలు నడుస్తున్నాయి. గట్టు మీద మంట లేస్తే ఆ ఖర్చు మీ జేబులోంచి పోయే అవకాశం ఉందని గుర్తుంచుకోండి.

ఒక్క మాట అడుగుతాను. మీకు కావాల్సింది ట్యాంకా, పొలం దగ్గర డీజిలా? డీజిలే అయితే చట్టం మీకు పెద్ద వెసులుబాటే ఇచ్చింది. డీజిల్ పెట్రోలియం 'బి' తరగతిలోకి వస్తుంది. పెట్రోలియం చట్టం, 1934లోని 7వ సెక్షన్ ప్రకారం ఒక చోట మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లకు మించకుండా ఉంటే నిల్వకు గానీ, తీసుకెళ్లడానికి గానీ లైసెన్సు అక్కర్లేదు. మీకు కావాల్సింది 200 లీటర్ల డ్రమ్ము, ఒక చేతిపంపు. బండిలో బిగించిన ట్యాంకులో ఉన్న ఇంధనానికి వేరే లైసెన్సు అక్కర్లేదని అదే చట్టం 9వ సెక్షన్ చెబుతుంది, కాబట్టి లైసెన్సు విషయంలో ఎటు చూసినా బెంగ లేదు. డ్రమ్ము మాత్రం ఇనుపది, ఆమోదం ఉన్న రకం అయ్యుండాలి. ప్లాస్టిక్ క్యాన్లలో పోసిస్తామని బంకువాళ్లు అంటే అది వాళ్ల దయ కాదు, తప్పు. డ్రమ్మును నీడలో, గడ్డివాముకు దూరంగా పెట్టుకోండి. బిల్లు దగ్గర ఉంచుకోండి.

డ్రమ్ముతో పని జరగదు, ట్యాంకే కావాలంటారా? అయితే వెల్డింగ్ షాపు దగ్గరికి కాదు, మీ ట్రాక్టర్ కంపెనీ డీలరు దగ్గరికి వెళ్లండి. మీ మోడల్‌కే కంపెనీ పెద్ద ట్యాంకు ఇచ్చిందేమో అడగండి. మన దేశంలో ట్రాక్టర్లను మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్రంలో పరీక్షించి రిపోర్టు ఇస్తారు. ఆ రిపోర్టులో ట్యాంకు వివరాలూ ఉంటాయి. కంపెనీ భాగమే వేయించుకుని బిల్లు పెట్టుకుంటే సగం గొడవ తీరినట్టే. కంపెనీది దొరక్కపోతే పని మొదలుపెట్టకముందే జిల్లా రవాణా అధికారికి దరఖాస్తు ఇవ్వండి: ట్యాంకు ఎక్కడ పెడతారు, ఎన్ని లీటర్లు, ఎంత బరువు, పైపులు ఎలా పోతాయన్న చిన్న స్కెచ్ జత చేయండి. నోటిమాట అనుమతి పనికిరాదు, కాగితం మీద తీసుకోండి. అనుమతి లేకుండా ఇప్పటికే బిగించేసి ఉంటే 14 రోజుల్లోపు ఆర్సీతో సహా తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్లోనే ఉంది. ఆ గడువు దాటనివ్వకండి. బండి మీద ఇంకా ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు కూడా కావాలి.

బీమా కంపెనీకి రెండు వాక్యాల లెటర్ చాలు: ఫలానా తేదీన ఫలానా ట్యాంకు అమర్చాం, బండి బరువు ఇంత పెరిగింది అని. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అక్నాలెడ్జ్‌మెంటు కార్డును ఆర్సీ జిరాక్సుతో కలిపి ఇంట్లో పెట్టుకోండి.