తాతగారి పాత యూఫోనియానికి ధర కట్టడం ఎలా?

పెళ్లి బ్యాండులో తాతగారు వాయించిన యూఫోనియం అనే పెద్ద ఇత్తడి బాకా అటక మీద దొరికిందనీ, దాని బెల్ (వెడల్పాటి మూతి) మీద 'బూసీ అండ్ హాక్స్, లండన్' అని ఉందనీ, బాగా నల్లబడిందనీ రాశారు. పాలిష్ పెట్టించి అమ్మితే ఎంతొస్తుందని అడిగారు.

ముందు ఆ పాలిష్ ఆపండి. మాది బ్యాండు మేళం కుటుంబం. పాత బాకాలు కొని, బాగు చేయించి అమ్ముతుంటాను. ఆ కంపెనీవి చాలావాటికి వెండి పూత ఉంటుంది. మీరు మురికి అనుకుంటున్నది నల్లబడ్డ వెండి కావచ్చు. బఫింగ్ చక్రం తగిలిందంటే పూత పోతుంది, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి, రేకు పలచబడుతుంది. చింతపండుతో తోమడమూ వద్దు. పూత లేనిచోట గులాబీ రంగు మచ్చలుంటే చూసుకోండి, అక్కడ ఇత్తడిలోని జింకు పోయి రాగి మిగిలిందన్నమాట. అది ధర తగ్గిస్తుంది. సొట్టల గురించి టెన్షన్ వద్దు, చాలావరకు తీయించవచ్చు.

బూసీ, హాక్స్ అనే రెండు కంపెనీలు కలిసింది 1930లో, కాబట్టి మీది ఆ తర్వాతిదే. ఇక వాల్వుల (వేళ్లతో నొక్కే మీటల) వెనక వైపు చూడండి. మామూలు స్లైడ్లు (లాగి జరపగల గొట్టాలు) కాక చిన్న చిన్న గొట్టం వంపులు అదనంగా ఉంటే అది కాంపెన్సేటింగ్ రకం. రెండు మూడు వాల్వులు కలిపి నొక్కినప్పుడు స్వరం పైకి పోకుండా ఆ వంపులు సరిచేస్తాయి. బూసీలో పనిచేసిన బ్లేక్లీ 1870ల్లో చేసిన ఏర్పాటది. నాలుగు వాల్వులతో పాటు ఇదీ ఉంటే వాయించేవాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

ధరను అసలు దెబ్బ తీసేది శ్రుతి. ఇంగ్లండు బ్రాస్ బ్యాండ్లు 1960ల మధ్య దాకా ఎక్కువ శ్రుతిలోనే వాయించాయి. ఇప్పటి 'ఎ' స్వరం సెకనుకు 440 కంపనాలు అయితే వాళ్లది దాదాపు 452. అంటే హార్మోనియం మెట్టులో సుమారు సగం ఎక్కువ. మేళంలో అన్నీ అవే అయితే ఇబ్బంది లేదు, కీబోర్డు పక్కన మాత్రం పొసగదు. మొత్తం శ్రుతి దించే మెయిన్ స్లైడ్ బాగా బయటికి లాగినా ట్యూనర్ యాప్‌లో సూది కుడివైపే (శ్రుతి ఎక్కువ వైపే) ఉంటే మీది ఆ రకమే. పొడుగు స్లైడ్లు వేయించి శ్రుతి దించినవీ ఉంటాయి.

తర్వాత వాల్వులకు నూనె వేయండి. విప్పితే ఏ పిస్టన్ (వాల్వు లోపల కదిలే భాగం) ఏ గొట్టంలోదో మారనివ్వకండి. వాల్వు నొక్కకుండా దాని స్లైడ్ అంగుళం లాగి పట్టుకుని, కాసేపాగి అప్పుడు నొక్కండి. 'టప్' మంటే పిస్టన్ ఇంకా బిగువుగా ఉన్నట్టు. చప్పుడు రాకపోతే స్లైడ్‌కి గ్రీజు పెట్టి మళ్లీ చూడండి. అప్పుడూ రాకపోతే పిస్టన్లు అరిగాయి. ఆ రిపేరు ఖరీదైనది, కొనేవాళ్లు అదంతా ధరలో కోస్తారు. మౌత్‌పీస్ ఇరుక్కుంటే పటకారు పెట్టకండి, దానికి పుల్లర్ అని వేరే పరికరం ఉంది.

ధరకి ఈబేలో అడుగుతున్న రేట్లు కాదు, అమ్ముడైన రేట్లు చూడండి. పాత సామాన్ల కొట్టుకి మాత్రం తీసుకెళ్లకండి. అక్కడ తూకం వేసి కిలో ఇత్తడి లెక్కన ఇస్తారు. వాయించగల వాద్యాలు అలా కరిగిపోతుంటే కడుపు తరుక్కుపోతుంది. వాల్వుల వెనక వైపు, రెండో వాల్వు గొట్టం మీది నంబరు, బెల్ మీది చెక్కుడు కనిపించేలా ఫోటోలు పెట్టండి, చూసి చెప్తాను.